ఫానీ మెండెల్సోన్ పాటలు తమ్ముడి పేరుతో ఎందుకు వెలువడ్డాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: పంతొమ్మిదవ శతాబ్దపు జర్మన్ స్వరకర్త ఫానీ మెండెల్సోన్ యూదు స్త్రీ కావడం వల్లనే ఆమె రచనలను అచ్చు కానివ్వలేదని, ఆమె పాటలను తమ్ముడు, ప్రసిద్ధ స్వరకర్త ఫీలిక్స్ తన పేరుతో ప్రకటించుకున్నాడని మీరు ఎక్కడో చదివారు. అది ఎంతవరకు నిజమో, ఆమె సంగీతాన్ని ఎక్కడినుంచి వినడం మొదలుపెట్టాలో తెలుసుకోవాలనుకుంటున్నారు. చాలాకాలంగా పియానో నేర్పుతూ, గాయకులకు పియానోపై సహకారం అందిస్తూ వస్తున్నాను. ఆమె రచనలను విద్యార్థులచేత వాయింపజేసినప్పుడల్లా ఇదే ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా సూటి సమాధానం. ఆమె పాటలు ఆరు ఫీలిక్స్ పేరుతో అచ్చయిన మాట నిజం. దానిని దొంగతనం అనడం సరికాదు. స్త్రీలు గాని, యూదులు గాని సంగీతం అచ్చు వేయించుకోకూడదనే చట్టమేదీ ప్రష్యాలో (బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యంలో) లేదు. ఆమెను ఆపింది ఇంటి హోదా. ఆ హోదా కొత్తగా వచ్చినది, యూదు కుటుంబానికి వచ్చినది, ఎప్పుడైనా చేజారవచ్చుననే భయంతో కాపాడుకోవలసినది. యూదు పుట్టుక ఆమె జీవితంపై పనిచేసింది ఈ దారిలోనే.

ఫానీ 1805 నవంబర్ 14న హాంబర్గ్‌లో పుట్టింది. నలుగురు సంతానంలో ఆమే పెద్దది. 1809లో ఫీలిక్స్, ఆ తరువాత రెబెక్కా, పాల్. తాత మోజెస్ మెండెల్సోన్ యూరప్ అంతా పేరెరిగిన తత్వవేత్త, తండ్రి అబ్రహాం బ్యాంకరు. తల్లి లేయా బెర్లిన్‌లోని ఇట్సిగ్ కుటుంబపు మనవరాలు. ఆ కుటుంబ పెద్ద డానియెల్ ఇట్సిగ్ ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్‌కు ఆర్థిక వ్యవహారాలు చూసినవాడు. పుట్టిన బిడ్డను చూసి, ఈమెవి బాఖ్ ఫ్యూగులు (అనేక స్వరధారలు అల్లుకుని సాగే క్లిష్టమైన రచనలు) వాయించే వేళ్ళని లేయా అన్నట్టు తండ్రి ఉత్తరంలో రాశాడు. అది మురిపెంతో అన్న మాటే కాదు. అమ్మమ్మ చెల్లెలు సారా లేవి స్వయంగా జోహాన్ సెబాస్టియన్ బాఖ్ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ దగ్గర నేర్చుకున్న కీబోర్డు విద్వాంసురాలు. బాఖ్ సంగీతాన్ని బెర్లిన్ తక్కిన జనం మరిచిపోతున్న రోజుల్లో ఆ యూదు ఇళ్ళలో అది వినిపిస్తూనే ఉంది. సారా లేవి చివరిదాకా యూదు మతంలోనే ఉండిపోయింది. బెర్లిన్‌లోని జింగ్ అకాడమీ అనే ప్రసిద్ధ గానసంఘం వాద్యబృందంలో ఆమె వాయించింది. యూదు స్త్రీకి సంగీత సభలో చోటు లేదనే మాట ఆ ఇంటి పెద్దల చరిత్రతోనే పొసగదు.

1811లో కుటుంబం, ఫ్రెంచి సేనల చేతిలో ఉన్న హాంబర్గ్‌ను విడిచి బెర్లిన్ చేరింది. మరుసటి ఏడు, 1812 మార్చిలో, ప్రష్యా రాజ్యం యూదులకు పౌరసత్వం ఇచ్చింది కాని ప్రభుత్వోద్యోగాల తలుపులు పూర్తిగా తెరవలేదు. 1816 మార్చి 21న నలుగురు పిల్లలకూ బాప్తిస్మం ఇప్పించారు. అమ్మమ్మ బెల్లాకు ఈ సంగతి తెలియనివ్వలేదు. మతం మారిన సొంత కొడుకు యాకోబ్‌తో ఆమె అప్పటికే తెగతెంపులు చేసుకుంది. ఫానీ కొడుకు సెబాస్టియన్ తరువాత రాసిన కుటుంబ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. ఒకరోజు మనవరాలి వాయింపుకు మురిసిపోయిన బెల్లా, ఏం కావాలో కోరుకోమన్నదట. బార్తోల్డీ మామయ్యను, అంటే యాకోబ్‌ను, క్షమించమని ఫానీ అడిగిందట. తన పియానోకు దక్కిన బహుమానాన్ని, అప్పటికే తానూ మతం మారిన ఆ పిల్ల, మతం మారిన మేనమామ కోసం ఖర్చుపెట్టింది. ఆ ఇంట్లో సంగీతం, మతం ఎంతగా అల్లుకుపోయాయో చెప్పడానికి నా తరగతిలో ఈ ఒక్క సంగతే చెబుతాను.

ఆ మేనమామ ఎంచుకున్న బార్తోల్డీ అనే పేరునే అబ్రహాం తన ఇంటిపేరుకు చేర్చాడు. తల్లిదండ్రులు 1822లో తామూ బాప్తిస్మం పొందారు. 1829లో ఫీలిక్స్ లండన్ కచేరీలలో పాత ఇంటిపేరుతోనే కనిపిస్తున్నాడని తెలిసి, యూదు కన్ఫ్యూషియస్ ఎలా అసాధ్యమో క్రైస్తవ మెండెల్సోన్ కూడా అలాగే అసాధ్యమని తండ్రి మందలిస్తూ ఉత్తరం రాశాడు. అదే సమయంలో ఫానీ తమ్ముడికి విడిగా రాస్తూ, మనందరికీ ఇష్టంలేని ఈ పేరును ఏదో ఒకరోజు వదిలించుకోవాలనే నీ ఉద్దేశం నాకు తెలుసు, అది నాకు సమ్మతమే, కాని ఇప్పుడు నాన్న మనసు నొప్పించకు అని సర్దిచెప్పింది. ఆమెది లొంగుబాటు అని చదివేవారు ఉన్నారు. నాకు మాత్రం ఇందులో తండ్రినీ తమ్ముడినీ ఏకకాలంలో మోస్తున్న మనిషి కనిపిస్తుంది.

ఇక చదువు. ఆ విషయంలో అక్కకు, తమ్ముడికి తేడా చూపలేదు. తల్లి దగ్గర మొదలుపెట్టి, 1816లో పారిస్‌లో మరీ బిగో దగ్గర, తరువాత బెర్లిన్‌లో లుడ్విగ్ బెర్గర్ దగ్గర ఇద్దరూ పియానో నేర్చుకున్నారు. స్వరరచనా శాస్త్రం కార్ల్ ఫ్రీడ్రిక్ త్సెల్టర్ దగ్గర చెప్పించారు. పదమూడేళ్ళ వయసులో, తండ్రి పుట్టినరోజు కోసమని బాఖ్ ఇరవైనాలుగు ప్రెల్యూడ్లను (చిన్న కీబోర్డు రచనలను) ఫానీ చూడకుండా వాయించింది. పియానో నేర్చినవారికి దీని బరువు తెలుస్తుంది; నా దగ్గర సాధన బాగా చేసే విద్యార్థులు కూడా వాటిలో రెండు మూడింటిని కంఠస్థం చేయడానికే నెలలు తీసుకుంటారు.

విద్య సమానంగా ఇచ్చి, దాని ఫలాన్ని మాత్రం విడదీశారు. 1820 జూలైలో తండ్రి పారిస్ నుంచి ఆమెకు రాసిన ఉత్తరం ఈ చరిత్రలో అందరూ ఉదహరించేదే: సంగీతం ఫీలిక్స్‌కు బహుశా వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది ఆభరణంగానే ఉండగలదు, ఉండాలి, నీ ఉనికికి అది ఎన్నడూ పునాది కాకూడదు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. ఇరవైమూడో పుట్టినరోజున మరొక ఉత్తరంలో, ఆడపిల్లకు ఉన్న ఒకే ఒక్క వృత్తి గృహిణి ధర్మమని, దానికి సిద్ధపడమని హితవు చెప్పాడు.

ఇక్కడ మీరు చదివినదానికీ చరిత్రకూ మధ్య ఉన్న ముఖ్యమైన తేడా వస్తుంది. యూదు ఇంట పుట్టిన మరొక హాంబర్గ్ అమ్మాయిని పక్కన పెట్టి చూడండి. ఫీలిక్స్ పుట్టిన ఇంట్లోనే మరుసటి ఏడు ఫెర్డినాండ్ డావిడ్ అనే వయొలిన్ విద్వాంసుడు పుట్టాడు. అతని చెల్లెలు లూయీజ్, 1811లో పుట్టినది, చిన్ననాటినుంచే కచేరీలు చేసింది, అన్నతో కలిసి పర్యటించింది, పెళ్ళయ్యాక 1828లో లండన్‌లో స్థిరపడి మదాం డుల్కెన్‌గా పేరు తెచ్చుకుంది. విక్టోరియా రాణికి పియానో నేర్పింది. అదే ఊరు, అదే కాలం, అదే యూదు పుట్టుక, అదే వాద్యం. యూదేతరుల వైపు చూస్తే క్లారా వీక్ ఉంది. ఆమె తండ్రి పియానో గురువు, కూతురి కచేరీలు ఆయన బోధనకు ప్రకటన, ఇంటికి రాబడి. తొమ్మిదేళ్ళ వయసులోనే ఆమె లైప్‌జిగ్‌లోని గెవాంట్‌హౌస్ అనే ప్రసిద్ధ కచేరీశాల వేదిక ఎక్కింది.

కచేరీ చేసి డబ్బు పుచ్చుకోవడం సంగీతం వృత్తిగా గల ఇంటి ఆడపిల్లకు అనుమతించబడిన పని. బ్యాంకరు కూతురికి అది చిన్నతనం. ఆమె అచ్చులో పేరు వేయించుకుంటే ఆ ఇంటికి డబ్బు అవసరం వచ్చిందా అని నలుగురూ అనుకుంటారు. సంపన్న క్రైస్తవ కుటుంబాలలోనూ ఇదే నియమం నడిచింది. అయితే నాలుగు తరాలుగా గౌరవం అనుభవిస్తున్న ఇంటికి ఒక సడలింపు సాధ్యం. బాలుడిగా డెసావ్ నుంచి బెర్లిన్ చేరిన మోజెస్ మనవలకు అది సాధ్యం కాదని అబ్రహాం భావించి ఉంటాడని నా అభిప్రాయం. కొడుకు విషయంలో కూడా ఆయన తేలికగా ఒప్పుకోలేదు. 1825లో ఫీలిక్స్‌ను పారిస్ తీసుకువెళ్ళి ప్రసిద్ధ స్వరకర్త కెరుబినీ చేత పరీక్ష చేయించి, ఆయన సరేనన్న తరువాతనే సంగీతాన్ని వృత్తిగా అంగీకరించాడు. కూతురిని అటువంటి పరీక్షకు ఎవరూ తీసుకువెళ్ళలేదు.

ఆరు పాటల సంగతి. ఫీలిక్స్ ఎనిమిదవ సంపుటి (ఓపస్ 8) లోని పన్నెండు పాటలలో మూడు, తొమ్మిదవ సంపుటిలోని పన్నెండింటిలో మరో మూడు ఫానీవి. ఇవి 1820ల చివర, 1830లో వెలువడ్డాయి. సన్నిహితులకు ఇది రహస్యమేమీ కాదు. జాన్ థామ్సన్ అనే స్కాట్లండ్ సంగీతకారుడు 1830లో లండన్ పత్రిక హార్మోనికన్‌లో, వీటిలో అత్యుత్తమమైనవి కొన్ని సోదరి రాసినవని బాహాటంగానే ప్రకటించాడు. 1842లో విక్టోరియా రాణి ఫీలిక్స్‌ను బకింగ్‌హామ్ రాజభవనానికి పిలిచి, అతని సంపుటినుంచి తనకు ఇష్టమైన ఇటలీ అనే పాటను తానే పాడింది. అది తన అక్క రచన అని ఫీలిక్స్ అక్కడికక్కడే ఒప్పుకుని, ఆ సంగతిని తల్లికి ఉత్తరంలో రాశాడు. ఒప్పుకోవడం కష్టమైందని కూడా అందులో రాసుకున్నాడు. ఆ నిజాయితీ అతనికి చెందవలసిందే. ఇల్లంతా సౌకర్యంగా భావించిన ఆ ఏర్పాటు వల్ల పేరు ఒక్కరికే దక్కిందన్నదీ అంతే నిజం.

ఫీలిక్స్‌ను తప్పుపట్టవలసిన చోటు మరొకటి. 1837లో ఫానీ పాట ఒకటి ఆమె సొంత పేరుతోనే ఒక సంకలనంలో వెలువడింది. అది లైప్‌జిగ్ కచేరీలో పాడినప్పుడు శ్రోతలు ఎంత మెచ్చుకున్నారో రాసి, శ్రోతల తరఫున కృతజ్ఞతలు చెప్పినవాడు ఫీలిక్సే. కొద్ది నెలలకు, ప్రచురణకు అక్కను ప్రోత్సహించమని తల్లి లేయా అడిగినప్పుడు మాత్రం అతను నిరాకరించాడు. ప్రచురణ అంటే వరసగా రచనలు వెలువరిస్తూ పోవలసిన పూచీ. అక్కకు ఆ కోరిక గాని ఆ పిలుపు గాని లేవు, ఇంటిని చూసుకుంటుంది, ఆ మొదటి బాధ్యత తీరేదాకా లోకం గురించి ఆలోచించదు అని అతని వాదన. తానుగా ప్రచురిస్తానంటే సాయం చేస్తాను గాని, తప్పని నేను నమ్మినదానికి ప్రోత్సహించలేనన్నాడు. తండ్రి 1835లోనే చనిపోయాడు. ఆయన మాట కొడుకు నోట కొనసాగింది.

భర్త వైపు ఈ అడ్డంకి లేదు. చిత్రకారుడు విల్‌హెల్మ్ హెన్సెల్‌తో 1829 అక్టోబర్ 3న ఆమెకు వివాహమైంది. లండన్‌లో కాలికి గాయమై ఫీలిక్స్ రాలేకపోవడంతో, పెళ్ళిలో వాయించవలసిన ఆర్గన్ సంగీతాన్ని ముందురోజు రాత్రి కూర్చుని ఆమే రాసుకుంది. విల్‌హెల్మ్‌కు సంగీతజ్ఞానం పెద్దగా లేకపోయినా, రాయమని, అచ్చు వేయించమని పట్టుబట్టినవాడు అతనే.

వేదిక లేదన్నామని ఆమె మూగబోయిందనుకోకండి. లైప్‌జిగర్ వీధి మూడో నంబరు ఇంటి వెనుక, తోటలో ఉన్న పెద్ద హాలులో ఆదివారం మధ్యాహ్నాలు జరిగే కచేరీలను 1831లో ఆమె పునరుద్ధరించి, తన చేతుల మీదుగా నడిపింది. కార్యక్రమం నిర్ణయించడం, గాయకబృందానికి శిక్షణ, పియానో వాయించడం, బృందాన్ని నడిపించడం అన్నీ ఆమె పనులే. బాఖ్, గ్లక్, బేథోవెన్ రచనలు, తమ్ముడి కొత్త రచనలు అక్కడ వినిపించాయి. పియానో విద్వాంసుడు లిస్ట్ వంటివారు అతిథులుగా వచ్చారు. ప్రవేశం ఆహ్వానం ఉన్నవారికే. టిక్కెట్టు లేదు, పత్రికలో సమీక్ష లేదు. తండ్రి నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే ఆమె బెర్లిన్‌లోని మంచి సంగీత సభలలో ఒకదాన్ని ఇంటి లోపల నిలబెట్టింది. టిక్కెట్టు పెట్టిన సభలో ఆమె వాయించినట్టు నమోదైనది ఒక్కసారే, 1838 ఫిబ్రవరిలో. అది కూడా ధర్మార్థం జరిగిన కచేరీ, వాయించినది తమ్ముడి జీ మైనర్ కన్సెర్టో (పియానోకు, వాద్యబృందానికి కలిపి రాసిన రచన).

ఇంటి హాలుకే పరిమితం కావడం రచయితగా ఆమెకు ఏం నష్టం చేసిందో 1834లో రాసిన ఇ-ఫ్లాట్ మేజర్ (E-flat major) స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తంత్రీవాద్యాల రచన, చూపిస్తుంది. నెమ్మదైన అడాజియోతో మొదలై, స్వరస్థానం స్థిరపడకుండా తేలుతూ సాగే రచన అది. నిర్మాణం సడలిపోయిందని ఫీలిక్స్ విమర్శించాడు. తాను బేథోవెన్ చివరి రచనల ప్రభావంలో చిక్కుకుపోయానని, భావాలను పొడుగునా నిలబెట్టే బలం తనకు చాలదేమోనని, చిన్న పాటలే తనకు నప్పుతాయని ఆమె జవాబిచ్చింది. ఆ తరువాత మరో క్వార్టెట్ రాయలేదు. నా దృష్టిలో ఫీలిక్స్ విమర్శించినదే ఆ రచనకు బలం. బయటి శ్రోతల అభిప్రాయం, మరో నలుగురు విమర్శకుల మాట తోడై ఉంటే ఒక్కరి తీర్పు అంత బరువుగా పడేది కాదు.

1839–40లో ఇటలీలో గడిపిన కాలం ఆమెకు ఊపిరినిచ్చింది. రోమ్‌లో ఉన్న యువ ఫ్రెంచి కళాకారులు, వారిలో స్వరకర్త గూనో ఒకడు, ఆమె వాయించే బాఖ్, బేథోవెన్ కోసం గంటల తరబడి కూర్చునేవారు. తిరిగి వచ్చాక 1841లో ‘సంవత్సరం’ (Das Jahr) అనే పియానో రచనల మాలిక రాసింది: నెలకొకటి చొప్పున పన్నెండు, చివర ఒక ముగింపు. శుద్ధప్రతిని రంగురంగుల కాగితాలపై రాసుకుంటే విల్‌హెల్మ్ బొమ్మలు వేశాడు.

1846 జూలైలో, నలభై ఏళ్ళ వయసులో, ప్రచురణకు నిశ్చయించుకుని తమ్ముడికి ఉత్తరం రాసింది. పద్నాలుగేళ్ళప్పుడు నాన్నకు భయపడినట్టే నలభైలో తమ్ముళ్ళకు భయపడుతున్నానని అందులో తనను తానే వెక్కిరించుకుంది. ఆమె అడిగింది అనుమతి కాదు; చేసిన నిర్ణయాన్ని తెలియజేసింది. ఫీలిక్స్ నెల తరువాత, వృత్తిలోకి స్వాగతం పలుకుతూ ఆశీర్వదించాడు. మనసులో అతనికి పూర్తిగా ఇష్టం లేదని తెలుసు, అయినా మంచి మాట అన్నందుకు సంతోషమని ఆమె డైరీలో రాసుకుంది. బోటె అండ్ బోక్, ష్లేజింగర్ అనే బెర్లిన్ ప్రచురణకర్తలు ఆమె పాటలను, పియానో రచనలను వరసగా వెలువరించడం మొదలుపెట్టారు. 1847 మే 14న, ఆదివారపు కచేరీ కోసం ఫీలిక్స్ రచన ఒకదాన్ని సాధన చేయిస్తుండగా చేతులు పట్టు తప్పాయి. పక్షవాతంతో అదే రాత్రి మరణించింది. ముందురోజే ఒక పాట పూర్తిచేసింది. ఫీలిక్స్ ఆ నవంబర్‌లో చనిపోయాడు. ఆమె నాలుగువందల యాభైకి పైగా రాసింది. అందులో అత్యధికభాగం వందేళ్ళకు పైగా చేతిరాత ప్రతులలోనే ఉండిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు వయొలిన్, చెల్లో, పియానోల కోసం రాసిన డీ మైనర్ ట్రియో, పదకొండవ సంపుటి. చెల్లెలు రెబెక్కా పుట్టినరోజుకు 1847 ఏప్రిల్‌లో ఇచ్చినది. మొదటి భాగంలో పియానో ఉరకలు, మూడవ భాగంలో చిన్న పాట, రెండూ ఆమె రెండు వైపులూ చూపిస్తాయి. తరువాత సంవత్సరం మాలికలోని సెప్టెంబర్ వినండి. చుట్టూ నీరు పారినట్టు చిన్న స్వరాలు కదులుతుంటే అసలు రాగం రెండు చేతుల మధ్యన నడుస్తుంది. విద్యార్థులచేత వాయింపజేసినప్పుడు నేను ముందు ఆ మధ్య స్వరాన్ని ఒక్కటే పాడిస్తాను, లేకుంటే అది నీటిలో మునిగిపోతుంది. ఆ తరువాత పైన చెప్పిన క్వార్టెట్. పాటలలో, ఆమె సొంత పేరుతో వెలువడిన మొదటి సంపుటిలోని ఆరూ ఒకే కూర్చున వినదగినవి.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఆమె 1828లో రాసిన ఈస్టర్ సొనాటా అనే పియానో రచన వ్రాతప్రతి 1970లో పారిస్‌లో దొరికినప్పుడు, దానిని ఫీలిక్స్‌దిగా భావించి అతని పేరుతోనే రికార్డు చేశారు. 2010లో అమెరికన్ పరిశోధకురాలు ఏంజెలా మేస్ క్రిస్టియన్ ఆ ప్రతిని పరిశీలించి అది ఫానీదని నిరూపించింది. 2017 మార్చి 8న లండన్‌లో ఆమె పేరుతో వినిపించారు. పాత రికార్డులలో దీనిపై ఇప్పటికీ తమ్ముడి పేరే కనిపించవచ్చు. ఆమె బతికుండగా అచ్చయిన సంపుటాల ముఖపత్రంపై ఉన్నది ఫానీ హెన్సెల్, పుట్టింటి పేరు మెండెల్సోన్ బార్తోల్డీ అని. అందుకే మెండెల్సోన్ పేరుతో దొరకనివి హెన్సెల్ పేరుతో వెతికితే దొరుకుతాయి.